ట్రైనీ పొరపాటు

చిన్ని మేనేజర్ గదిలోంచి తన సీటు దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీలో అక్క కూర్చుని ఉంది. సొంత అక్క కాదు, చిన్నికి పని నేర్పే సీనియర్. ఎడమచేతిలో సెల్‌ఫోను. కుడిచెయ్యి చిన్ని కీబోర్డు మీద. ఎంటర్ మీట నొక్కి, ఫోను వంక చూస్తోంది. మోగలేదు. మళ్ళీ నొక్కబోయి ఆగింది.

"రావట్లేదేంటే ఇది?" అంది, తల తిప్పకుండానే.

"ఏదక్కా?"

"నీ వాయిదా మెసేజే. రేపు హాస్పిటల్ వాళ్ళకి చూపించాలి కదా, ఒకసారి పంపి చూద్దామని. టెస్ట్ లిస్టులో మొదటి నంబరు నాదేగా. మోగాలిగా?"

ఆ కంపెనీ చేసే పని పెద్దదేం కాదు. ఆపరేషన్ ఉన్నవాళ్ళకి ముందురోజు హాస్పిటల్ తరఫున సెల్‌ఫోనుకు మెసేజ్ వెళుతుంది. ఇన్ని గంటలకు రండి, ఏమీ తినకుండా రండి, పాత రిపోర్టులు తెండి. ఆ మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్ ఈ కంపెనీది. ఈమధ్య ఒక కంటి ఆసుపత్రి వాళ్ళు, ఆపరేషన్ వాయిదా పడితే ఆ సంగతి చెప్పే మెసేజ్ కూడా కావాలన్నారు. ఆ ముక్క చిన్ని రాసింది. ఇంటర్న్‌షిప్‌లో చేరాక మొదలు నుంచి చివరి దాకా తన చేత్తో చేసిన పని అదొక్కటే. దాన్ని గురించే ఇంతసేపూ మేనేజర్‌కి స్లైడ్లు వేసి చూపించి వచ్చింది.

"నే చూడనా అక్కా?"

"వద్దులే, నెట్‌వర్క్ దరిద్రం. రేపు పొద్దున చూద్దాం." అక్క లేచి కుర్చీ వెనక వేలాడుతున్న బ్యాగు భుజానికి తగిలించుకుంది. "డేకేర్‌లో వాడొక్కడే మిగిలుంటాడు. నిన్న ఆలస్యమైందని ఆ ఆయమ్మ నన్ను చూసిన చూపు, అత్తగారు కూడా అలా చూడదు."

చిన్ని నవ్వింది. ఆమెను ఆఫీసులో చిన్నీ అని పిలిచేది అక్క ఒక్కతే. చేరిన కొత్తలో ఒకరోజు అమ్మ ఫోన్ చేస్తే స్పీకర్లో ఆ పిలుపు విని, అప్పటినుంచి తనూ అలాగే పిలవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం తన డబ్బా మూత తీసి చిన్ని వైపు జరిపేది. మొదటివారం చిన్ని రాసిన ప్రోగ్రామ్ అంతా తప్పుల తడకగా ఉంటే, పక్కన కూర్చుని ఒక్కో వరుసా చదివించి, తప్పెక్కడో చిన్ని నోటితోనే చెప్పించింది. అక్క పెట్టిన నియమం ఒక్కటే. సీటు వదిలి వెళ్ళేటప్పుడు సిస్టం లాక్ చెయ్యకూడదు. "నీ పాస్‌వర్డ్ అడుక్కుంటూ నీ వెనకాల తిరగలేను. నాకు అవసరమైతే కూర్చుంటా" అంది. కాలేజీలో చెప్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కానీ ఆ అంతస్తులో ట్రైనీల సిస్టంలన్నీ అలాగే తెరిచి ఉండేవి. వచ్చినవాళ్ళు కూర్చునేవాళ్ళు, పని చూసుకుని లేచేవాళ్ళు. ఉమ్మడి ఇంట్లో దువ్వెన మాదిరి.

మర్నాడు లిఫ్టు దగ్గర మైకు కనిపించాడు. వాడు చిన్ని క్లాసువాడే, రెండో ట్రైనీ. రహస్యం చెప్పినా మూడు గదులకు వినబడుతుందని ఆఫీసులో వాడికి ఆ పేరు పెట్టారు. ఇద్దరిలో ఒక్కరినే ఉద్యోగంలోకి తీసుకుంటామని మేనేజర్ మొదటిరోజే చెప్పాడు. ఎవరినన్నది ఈ వారంలో తేలాలి.

"విన్నావా? కంటి హాస్పిటల్లో థియేటర్ రెడీ, డాక్టర్లు రెడీ, పేషెంట్లు లేరంట. పెళ్ళికొడుకు రాని పెళ్ళిలా కూర్చున్నారంట అందరూ."

"ఎందుకని?"

"వాయిదా పడిందని అందరికీ నిన్ననే మెసేజ్ వెళ్ళిందంట. కొంతమంది రాత్రి ఫోన్ చేసి అడిగితే, మెసేజ్ వచ్చిందంటే వాయిదా పడ్డట్టేనండీ అందంట రిసెప్షన్ ఆవిడ. ఆమె మాత్రం ఏం చేస్తుంది పాపం. ఇంతకీ అది నువ్వు రాసిన మెసేజే కదూ?"

చిన్ని గబగబా లోపలికి నడిచింది. సీటు దగ్గరికి వెళ్ళి, బ్యాగు ఒళ్ళో ఉండగానే సిస్టం తెరిచింది. మెసేజ్‌లు ఆఫీసువాళ్ళ నంబర్లున్న టెస్ట్ లిస్టుకు వెళ్ళాలా, హాస్పిటల్లోని అసలు రోగులకు, వీళ్ళ భాషలో లైవ్‌కు, వెళ్ళాలా అన్నది ఒక ఫైల్లో ఒక వరుస నిర్ణయిస్తుంది. ఆ వరుస అసలు లిస్టు మీద ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న పొద్దున ఎవరో రోగి నంబరు తప్పుగా కనబడుతోందని హాస్పిటల్ నుంచి ఫిర్యాదు వస్తే, అక్క ఇదే కుర్చీలో కూర్చుని ఆ వరుసను అసలు లిస్టుకు మార్చింది. నంబరు సరిచూసింది. ఈలోగా బాబుకి ఒళ్ళు వెచ్చగా ఉందని డేకేర్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ లేచి వెళ్ళిపోయింది. వరుసను తిరిగి మార్చలేదు. సాయంత్రం వచ్చి, చూసుకోకుండా అదే చేత్తో ఎంటర్ కొట్టింది. ఫోను మోగుతుందని ఎదురు చూసింది. మోగకూడని ఫోన్లు వేరే ఇళ్ళలో మోగాయి.

భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి మౌస్ పట్టుకుంది. అక్క. ఆ వరుసను టెస్ట్ లిస్టుకు మార్చి, ఫైలు మూసింది.

"మెట్ల దగ్గరికి రా."

ఆ బిల్డింగ్‌లో మెట్లెక్కేవాళ్ళు లేరు. మలుపులో పాత కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అక్క వాటికి ఆనుకుని నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"లాగిన్ నీదే చూపిస్తోంది, చిన్నీ."

"కానీ పంపింది నువ్వు కదక్కా."

"నేను కాదన్నానా? నేనే. ఆ జ్వరం గోలలో మర్చి చచ్చాను." గొంతు తగ్గించింది. "విను. ఇది నా పేరు మీద వెళ్ళిందంటే ఈ రోజే ఐడీ కార్డు తీసుకుని బయటికి పంపుతారు. పదేళ్ళ సర్వీసు. ఎక్కడికెళ్ళినా, లైవ్ మీద మెసేజ్ కొట్టిన మనిషి అంటారు. నీకసలింకా మొదలే కాలేదు. స్టూడెంట్‌వి. కాస్త మందలించి ఊరుకుంటారు."

"ఉద్యోగం ఇవ్వరేమో."

"ఎందుకివ్వరు? ఎవరికివ్వాలో రాసేది నేను. మీటింగ్‌లో నీ పక్కన నేనుంటాగా. నీ మీద ఈగ వాలనివ్వను. నా మీద నమ్మకం లేదా?"

చిన్నికి నమ్మకం ఉంది. ఆ ఆఫీసులో ఉన్నదంతా ఆవిడ మీదే ఉంది. తల ఊపింది. అక్క ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నా బంగారు తల్లీ" అంది.

మీటింగ్ గదిలో బల్ల మధ్యన స్పీకర్ ఫోను పెట్టారు. అందులో హాస్పిటల్ అధికారి గొంతు. మేనేజర్ బల్లకి ఒకవైపు, అక్క, చిన్ని ఇంకోవైపు.

"నాకు కారణాలొద్దండీ. ఒకాయన షాపు మూసుకుని, కొడుకు చేత సెలవు పెట్టించి రెడీ అయ్యాడు. ఇంకో పెద్దావిడ మెసేజ్ చూసి కంట్లో చుక్కలు ఆపేసింది. మళ్ళీ మొదటినుంచీ వెయ్యాలి. ఎవరు చేశారో చెప్పండి."

మేనేజర్ చిన్ని వంక చూశాడు. దారిలో వస్తూ చిన్ని ఆ వాక్యాన్ని మనసులో చాలాసార్లు అమర్చుకుంది. అబద్ధం కాకూడదు, అక్క పేరు రాకూడదు.

"నా సిస్టం నుంచే వెళ్ళింది సార్."

ఇప్పుడు అక్క మాట్లాడాలి. కొత్తపిల్ల సార్, నేర్చుకుంటోంది, బాధ్యత నాది కూడా అనాలి. మెట్ల దగ్గర అనుకున్నది అదే.

అక్క గొంతు సవరించుకుంది. "లైవ్ మీద టెస్ట్ చెయ్యొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను సార్. తెలివైన పిల్లే, కానీ తొందర. చెప్పింది వినదు. ఇదివరకు కూడా రెండుమూడుసార్లు హెచ్చరించాను."

చిన్ని తల తిప్పి చూసింది. అక్క ఆమె వైపు చూడలేదు. తన ముందున్న పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. ఆ మాటలు అప్పటికప్పుడు నోటికొచ్చినవి కావు. వరుస తప్పకుండా వచ్చాయి. చిన్ని దారిలో ఒక వాక్యం అమర్చుకుంటే అక్క నాలుగు అమర్చుకుంది.

"ట్రైనీనా?" అంది స్పీకర్ ఫోను. గొంతులో కోపం తగ్గింది. "సరే, ట్రైనీలకి అంత పని ఎలా ఇస్తారండీ? ముందు మా పేషెంట్లకి క్షమాపణ చెప్పించండి. మిగతాది తర్వాత చూద్దాం."

బయటికి వచ్చాక చిన్ని నీళ్ళ మెషిన్ దగ్గర మైకును ఆపింది.

"నిన్న సాయంత్రం నేను సార్ గదిలో ఉన్నప్పుడు నా సీట్లో ఎవరున్నారో నువ్వు చూశావు కదా? నీ సీటు ఎదురేగా."

వాడు గ్లాసు నిండి పొర్లేదాకా చూసి తీశాడు. "నాకేం గుర్తు? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నా."

"హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చెవులు మూసుకుంటాయి. కళ్ళు కాదు."

"చూడూ..." మొదటిసారి వాడి గొంతు తన వరకే వినబడింది. "పొద్దున్నే నన్ను పిలిచి, సర్టిఫికెట్ల కాపీలు తెమ్మన్నారు. మా ఇంట్లో కూడా చెప్పేశా. ఇప్పుడు నేను గుర్తు తెచ్చుకుని ఏం చెయ్యను, చెప్పు?"

పొద్దున్నే. అంటే మీటింగ్ కన్నా ముందే. చిన్ని పక్కకి జరిగి వాడికి దారి ఇచ్చింది.

మేనేజర్ గది తలుపు ఓరగా వేసి ఉంది. ఆయన భోజనం చేస్తున్నాడు. కూర్చోమన్నట్టు చెంచాతో కుర్చీ చూపించాడు. నిన్న కూర్చున్న కుర్చీయే.

"సార్, మెసేజ్ వెళ్ళిన టైముకి నేను ఇక్కడున్నాను. మీకు స్లైడ్లు చూపిస్తున్నాను."

"తెలుసమ్మా" అన్నాడు.

చిన్ని ఆ మాట కోసం తయారై రాలేదు. మీరే సాక్ష్యం, టైము చూడండి, అని చెప్పడానికి తయారై వచ్చింది.

ఆయన డబ్బా మూత పెట్టి, వేళ్ళు కాగితంతో తుడుచుకున్నాడు. "టైము పొద్దున్నే చూశాను. పంపింది ఎవరో అడక్కుండానే తెలుసు. నువ్వు చిన్నదానివి, నీకు విడమరిచి చెప్తా. సీనియరే ఇంత పని చేసిందంటే రేపీపాటికి ఆ హాస్పిటల్ వేరే కంపెనీని చూసుకుంటుంది. ట్రైనీ అంటే తిట్టి ఊరుకుంటుంది. నువ్వే విన్నావుగా, ఆయన గొంతెలా దిగిందో. ఇంతమంది జీతాలు దానిమీద ఉన్నాయి. మీ అక్క మీద ప్రేమతో చేసిన పని కాదిది."

"మరి నేను సార్?"

"ఉద్యోగం ఇవ్వలేనమ్మా. ఇస్తే వాళ్ళు అడుగుతారు. కానీ సర్టిఫికెట్ ఇస్తా, సంతృప్తికరం అని రాసి. అది లేకపోతే నీకు సెమిస్టర్ పాసవదు, అవునా? దానికొక్కటే షరతు. శుక్రవారం కూర్చుని ఆ పేషెంట్లందరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పు. ఏం చదవాలో రాసిస్తాం. ఆ కాల్సన్నీ రికార్డు చేసి హాస్పిటల్‌కి పంపుతాం. కాబట్టి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువు. అంతే."

ఆయన మళ్ళీ డబ్బా తెరిచాడు.

ఇంట్లో నాన్న అంతా విన్నాడు. ఆయన హోల్‌సేల్ మందుల గోడౌనులో స్టోర్ కీపరు. వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాక తప్ప ఇంట్లో ఏ సంగతీ వినడు. అమ్మ మిషన్ మీద ఎవరిదో జాకెట్టు కుడుతూ తొక్కుడు ఆపింది.

"అంటే ఆ మేనేజరుకి కూడా తెలుసు" అన్నాడు నాన్న.

"తెలుసన్నాడు."

"తెలిసీ..." ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. చిన్ని ఎదురు చూసింది. రేపు నేనూ వస్తా పద, అంటాడేమో అనుకుంది. చిన్నప్పుడు స్కూల్లో పక్కపిల్ల పెన్ను పోతే చిన్ని మీద నింద వేశారని, గోడౌను నుంచి అట్టపెట్టె దుమ్ముతోనే వచ్చి హెడ్‌మాస్టరు గదిలో కూర్చున్న మనిషి.

"ఆ కాల్సేవో చేసెయ్ అమ్మా" అన్నాడు. "సర్టిఫికెట్ ఇంటికి తెచ్చుకో. వాళ్ళతో మనకేంటి తర్వాత? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది."

"నోరు మూసుకుంటేనా నాన్నా?"

ఆయన ఆమె వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. అమ్మ సూది కింద నుంచి గుడ్డ లాగి, దారం పళ్ళతో తెంపింది.

"ఆ అక్కేనా, నీకు రోజూ డబ్బాలో పెట్టేది?" అని అడిగింది.

"అవును."

"మొన్న నేను ఫోన్ చేస్తే, మీ అమ్మాయి గురించి మీరేం బెంగ పెట్టుకోకండీ, నా చెల్లెలే అనుకోండి అంది." మిషన్ మళ్ళీ మొదలైంది.

శుక్రవారం చిన్న మీటింగ్ గదిలో హెడ్‌సెట్, కంప్యూటర్, ఒక కాగితం పెట్టారు. మాట్లాడిన పేర్ల దగ్గర టిక్కు పెట్టి, హాస్పిటల్ ఇచ్చిన కొత్త తేదీలు అందించడానికి పక్కన అక్కను కూర్చోబెట్టారు. అక్క వచ్చి, "తిన్నావా?" అంది. చిన్ని హెడ్‌సెట్ పెట్టుకుంది.

కాగితంలో ఇలా ఉంది. 'శిక్షణలో ఉన్న ఉద్యోగి పొరపాటు వల్ల మీకు తప్పుడు సందేశం అందినందుకు చింతిస్తున్నాం. సదరు ఉద్యోగిపై తగిన చర్య తీసుకున్నాం. మీ ఆపరేషన్ కొత్త తేదీ...'

మొదటాయన వినకుండానే, "తేదీ చెప్పండి చాలు" అన్నాడు. రెండో ఆయన కంపెనీ మొత్తాన్ని తిట్టాడు. తన కంటికి ఏమైనా అయితే ఆ ట్రైనీ కన్ను పీకి పెట్టుకుంటానన్నాడు. చిన్ని "సరేనండీ" అంది. అక్క టిక్కు పెట్టింది. కంట్లో చుక్కలు ఆపేసిన పెద్దావిడ మాత్రం అంతా ఓపికగా వింది.

"చర్య అంటే ఏం చేశారమ్మా ఆ పిల్లని? తీసేశారా?"

"అవునండీ."

"అయ్యో. పోనీ, చిన్నపిల్లయ్యుంటుంది. ఒక్క తప్పుకే తీసెయ్యాలా? నే చెప్పానని చెప్పమ్మా మీవాళ్ళకి. నా కన్ను ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుంది."

చిన్ని కొత్త తేదీ చెప్పింది. అక్క నీళ్ళ సీసా ఆమె వైపు జరిపింది. చిన్ని దాన్ని ముట్టుకోలేదు.

ఆ తర్వాతి ఫోను ఒకావిడ తీసింది. ఆపరేషన్ ఆమె భర్తకి. ఆయన డ్రైవరు. చూపు సరిచేయించుకుంటేనే బండి ఎక్కనిస్తామన్నారట.

"పొరపాటంటున్నారు, చర్య అంటున్నారు" అంది ఆవిడ. అరవడం లేదు. అదే కష్టంగా ఉంది. "నాకు తేదీ తర్వాత చెప్పండి. ముందు ఆ మనిషితో మాట్లాడాలి. ఆ మెసేజ్ పంపిన మనిషి ఉందా అక్కడ?"

చిన్ని కాగితం వంక చూసింది. దీనికి జవాబు అందులో లేదు.

"ఉన్నారండీ. ఒక్క నిమిషం."

హెడ్‌సెట్ తీసి అక్క ముందు పట్టుకుంది.

అక్క వెనక్కి జరిగింది. కుర్చీ చక్రాలు గోడకి తగిలి ఆగాయి. "ఏంటిది?" అన్నట్టు పెదవులు కదిపింది. చిన్ని చెయ్యి దించలేదు. మెట్ల దగ్గర పట్టుకున్న చేతులేనా ఇవి అన్నట్టు చూసింది అక్క. హెడ్‌సెట్‌లోంచి "హలో? హలో?" అని సన్నగా వినబడుతోంది. ఎంతసేపటికీ చిన్ని కదలకపోయేసరికి తీసుకుని తలకి పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది, తెరిచింది.

చిన్ని ఇంకా ఆశపడింది. అదేం ఆశో ఆమెకే తెలియదు. ఒక్క మాట చాలు. ఎవరో కూడా తెలియని మనిషికి, మొహం కనబడని చోట, ఒక్క మాట.

"నమస్కారమండీ" అంది అక్క. చెయ్యి జాపి కాగితం తన వైపు లాక్కుంది. "శిక్షణలో ఉన్న ఉద్యోగి పొరపాటు వల్ల మీకు తప్పుడు సందేశం అందినందుకు చింతిస్తున్నాం..." ఎక్కడా తడబడలేదు. చిన్ని చేత ప్రోగ్రామ్ చదివించినప్పటి గొంతే, నిదానంగా, స్పష్టంగా. చివర కాగితంలో లేని మాటొకటి కలిపింది. "ఆ అమ్మాయి ఇప్పుడు ఇక్కడ లేదండీ. తీసేశాం."

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. పెన్ను అందుకుని ఆ పేరు పక్కన టిక్కు పెట్టింది.

చిన్ని హెడ్‌సెట్ తీసుకుని పెట్టుకుంది. తెర మీద రికార్డింగ్ ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. సర్టిఫికెట్ గుర్తొచ్చింది. నాన్న గుర్తొచ్చాడు.

"లైన్లో ఉన్నారా అమ్మా?"

"ఉన్నాను. ఇంతకీ..."

"మీరు మాట్లాడాలన్న మనిషితోనే ఇప్పుడు మాట్లాడారు. ఆ మెసేజ్ పంపింది ఆవిడే. మా మేనేజర్‌కీ తెలుసు." అక్క చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. చిన్ని రెండో చేత్తో తేదీలున్న లిస్టు దగ్గరికి లాక్కుంది. "ఇక మీవారి తేదీ రాసుకోండి. పెన్నుందా?"

అవతల సొరుగు లాగిన చప్పుడు, ఎవరినో పెన్ను అడగడం వినబడ్డాయి.

"ఆ, చెప్పమ్మా" అంది ఆవిడ.

చిన్ని నిదానంగా చెప్పింది. తేదీ, వారం, రావాల్సిన వేళ. ఏమీ తినకుండా రమ్మంది. పాత రిపోర్టులు తెమ్మంది. ఆవిడ అన్నీ తిరిగి చదివి వినిపించేదాకా ఆగింది.

"చిన్నీ" అంది అక్క.

చిన్ని మణికట్టు విడిపించుకుని, లిస్టులో కింది నంబరు నొక్కడం మొదలుపెట్టింది.